వేపచెట్టు రెండో పక్క

కరెంటు ఆఫీసులో చేరినవాడికి స్తంభం ఎక్కడం నేర్పుతారు, తీగ లాగడం నేర్పుతారు, ఫ్యూజు వేయడం నేర్పుతారు. చెట్టు కొమ్మ కోయడం మాత్రం ఎవరూ నేర్పరు. అదేమన్నా విద్యా, కత్తి ఉంటే చాలదా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా లైన్‌మన్‌గా, ఆ తరవాత లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి దిగిపోయాను. ఇన్నేళ్ళలో నేనెక్కిన స్తంభాలకంటే కొట్టిన కొమ్మలే ఎక్కువ. అందులో సగం తప్పుగా కొట్టాను. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు, ఎందుకంటే మిగతా సగం నా అంత బాగా కోసినవాడు మా జిల్లాలో లేడు.

కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, చెట్లు కొట్టమంటున్నారు, ఎక్కడ కొట్టాలి?" అని అడుగుతుంటారు. ఫోన్లో చెప్పేది కాదు నాయనా అది. అందుకే రాస్తున్నాను.

అప్పుడు నాకు వాకాడు పక్క పోస్టింగు. సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ పాళెం ఒకటి మా లైను చివర ఉండేది. మంచినీళ్ళ మోటారుకు పోయే పెద్ద లైను ఆ ఊరి దారి పక్కనే పోతుంది. దారి వెంట రెండు పెద్ద వేపచెట్లు, వాటి మధ్య ముప్పై నలభై అడుగుల దూరం. ఆ రెండింటికీ నడుమ, కాస్త వెనకగా, ఒక సిమెంటు రేకుల ఇల్లు. అందులో ఎండుచేపలు అమ్ముకునే అక్క ఒకామె, ఆమె ఇద్దరు ఆడపిల్లలు. మగడు చెన్నై పక్క పెద్ద బోట్ల మీద పనికి పోయేవాడు, నెలల తరబడి వచ్చేవాడు కాదు.

మా జిల్లాలో కార్తీకం అంటే తుఫాన్ల కాలం. అందుకని వినాయక చవితి దాటగానే లైను వెంట చెట్లు కొట్టడం మొదలుపెట్టేవాళ్ళం. మా పద్ధతి ఒక్కటే. తీగవైపు ఉన్న కొమ్మలన్నీ పైనుంచి కిందిదాకా, గోడ కట్టినట్టు నరికేయడం. రెండో పక్క కొమ్మ జోలికి పోయేవాళ్ళం కాదు. అది తీగకు తగలదు, దాన్ని కొట్టడం మన డ్యూటీ కాదు.

నా జతగాడు ఒకడుండేవాడు. చెట్టెక్కడంలో కోతి కూడా వాడి దగ్గర పాఠం చెప్పించుకోవాలి. బీడీ నోట్లో ఉండగానే చిటారుకొమ్మకు చేరేవాడు. కత్తి ఎంతవరకు అందితే అంతవరకు కొట్టి, జానెడేసి మోళ్ళు వదిలేసి, బీడీ ఆరేలోపు దిగేసేవాడు. ఇద్దరం పందెం వేసుకుని కొట్టేవాళ్ళం. ఆ వేగం చూసి పక్క సెక్షన్ల వాళ్ళు కూడా మమ్మల్ని పిలిపించుకునేవాళ్ళు. గర్వం కాదా మరి!

మూడో ఏడు ఆ వేపల దగ్గర పనిచేస్తుంటే అక్క చేపల బుట్ట దించి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"అన్నా, మూడేళ్ళుగా చూస్తాండా. ఒక పక్కే కొడతాండావు. రెండో పక్క బరువంతా నా ఇంటిమీదికి వాలతాండాది. పడవలో అందురూ ఒక పక్కనే కూచుంటే ఏమైతాది?"

"అక్కా, పడవకు వేర్లుండవు. చెట్టుకుంటాయి," అన్నాను.

జతగాడు పైనుంచి పకపకా నవ్వాడు. ఆ జవాబు నాకే ముద్దొచ్చింది.

"నీ నోరు బాగుండాదిలే అన్నా. చెట్టు గూడా నీ మాట ఇంటే సరి," అని ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

చెట్టు నా మాట వినలేదు. ఆ ఏడు కార్తీకంలోనే తుఫాను వచ్చింది. ముందురోజే పాళెం మొత్తాన్నీ తుఫాను షెల్టర్‌లోకి చేర్చారు కాబట్టి మనుషులకేమీ కాలేదు. మర్నాడు మేము వెళ్ళేసరికి రెండు వేపల్లో ఒకటి లేదు. అక్క ఇంటిమీద పడి ఉంది. రేకులు ముక్కలు ముక్కలు. ఒక గోడ పూర్తిగా కూలింది. పిల్లల పుస్తకాలు బురదలో, ఏడాదికి దాచుకున్న ఉప్పు వాననీళ్ళలో. మా తీగ మాత్రం చెక్కుచెదరలేదు. చెట్టు అటుపక్క కదా పడింది!

సరిగ్గా అప్పుడే మా పై ఇంజనీరు ఏఈగారి ఫోను. "శభాషయ్యా! నీ సెక్షన్‌లో ఒక్క తీగ తెగలేదంట. పైవాళ్ళకు నీ పేరు చెప్పాను."

ఫోను జేబులో పెట్టుకుని తలెత్తితే అక్క ఎదురుగా ఉంది. చేతిలో వంగిపోయిన సత్తు గిన్నె.

"నీ తీగ బాగుండాది గదన్నా?" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. మా సముద్రం పక్క ఆడవాళ్ళు నోరు తెరిస్తే ఏడు తరాలు లేచి నిలబడాల్సిందే. ఆమె తిట్టలేదు. ఆ ఒక్క మాట అని గిన్నెను మోకాలికేసి నొక్కి సరిచేసుకుంటూ కూర్చుంది. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

పడిన మాను దగ్గరికి పోయి చూశాను. విరిగిన చోటు మేము ఏటేటా నరికిన చోటే. వదిలేసిన మోళ్ళు ఎండి, చీకి, ఒక్కోదాని గుండా వాననీళ్ళు లోపలికి దిగి, మాను నడుమ చెయ్యి దూరేంత తొర్ర పడి ఉంది. వేలు పెడితే తడిసిన రంపపు పొట్టులా రాలింది. బరువంతా ఒక పక్కకు వేసింది మేమే, నడుములో సత్తువ తీసేసిందీ మేమే. గాలి వచ్చి ఊరికే ఒక తోపు తోసింది. అంత చెట్టునూ పడేసిన పాపం తుఫాను ఖాతాలో రాసి అందరూ ఇళ్ళకు పోయారు. నాకు మాత్రం నాలుగు రోజులు అన్నం సయించలేదు.

ఆ నెలలోనే చిట్టమూరు పక్క ఒక నిమ్మతోటలో మోటారు లైను చెడిందంటే వెళ్ళాను. తోటలో ఒక పెద్దాయన చిన్న చేతిరంపంతో కొమ్మలు కోస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నిమ్మచెట్ల మధ్యే బతికిన మనిషి. నా పని అయినా కదలకుండా ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.

"ఏంది నాయనా, కరెంటోడివి చెట్టు పక్క చూస్తాండావు? మీ చూపు పడితే చెట్టుకు జరమొస్తాది," అన్నాడు.

నేను వేపచెట్టు కథంతా చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఎవరో ఒకరికి చెప్పుకోవాలి. ఆయన విని, "మీరు చేసేది కోతా అది? నరుకుడు!" అని కసిరి, నా మణికట్టు పట్టుకుని ఒక చెట్టు దగ్గరికి లాక్కుపోయాడు.

"ఇట్టా చూడు. కొమ్మ మానులోంచి పుట్టే చోట ఉబ్బెత్తుగా మడత ఉండాదా? అది కొమ్మది గాదు, మానుది. దాని ముందర కొయ్. మడతను కోసినావా, చెట్టు కోలుకోదు. దూరంగా కోసినావా, మోడు మిగిలి చీకు పడతాది."

"అట్టా కోస్తే పుండు మానిపోతాదా పెద్దాయనా?"

"చెట్టుకు పుండు మానదు నాయనా, మూసుకుంటాది. మూసుకునేదానికి నువ్వు దోవ ఇయ్యాల. అంతే మన పని."

ఎప్పుడో కోసిన ఒక గాయం చూపించాడు. చుట్టూ బెరడు గుండ్రంగా పెరిగి, గాజు తొడిగినట్టు కప్పుకుంటూ వచ్చింది. పక్కనే ఎవరో కూలివాడు వదిలిన మోడు నల్లబడి, చీమలు పట్టి ఉంది. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత కచ్చితంగా నా తప్పును నాకెవరూ చూపించలేదు.

ఐదు ఆదివారాలు ఆ తోటకు పోయాను. బరువు కొమ్మను ముందు జానెడు దూరంలో కిందనుంచి కొంచెం కోసి, తరవాత పైనుంచి కోసి దింపాలి, లేకపోతే విరిగేటప్పుడు బెరడును మానుదాకా చీల్చుకుపోతుంది. మిగిలిన ముక్కను చివరికి మడత దగ్గర కోయాలి. తల నరకకూడదు. నరికితే చెట్టు కంగారుపడి వంద పిలకలు వేస్తుంది, ఒక్కటీ గట్టిగా అతుక్కోదు, గాలికి ముందు ఊడేవి అవే. ఏడాదికి పావు వంతు ఆకుకు మించి తీయకూడదు. "ఆకే గదా నాయనా కూడొండేది? పొయ్యి ఆర్పేసి అన్నం పెట్టమంటే యాడనుంచి పెడతాది?" అనేవాడు. ఐదో ఆదివారం తన రంపం నా చేతికిచ్చి, తను గట్టు మీద కూర్చుని తిట్టడం మొదలుపెట్టాడు. అప్పుడనుకున్నాను, పాసయ్యానని.

ఎండాకాలం వచ్చేసరికి అక్క అదే చోట మళ్ళీ ఇల్లు నిలబెట్టుకుంది. మళ్ళీ రేకులే. ఇక మిగిలిన రెండో వేప మొదటిదానికంటే పెద్దది. దాని నీడలోనే మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటారు, ఆడవాళ్ళు చేపలు ఏరుకుంటారు. అదీ అక్క ఇంటివైపే వాలి ఉంది. వాల్చింది నేనే అని వేరే చెప్పక్కర్లేదు కదా. దాన్ని కొట్టేయాలని పాళెం తీర్మానించుకుని మా ఏఈగారిని పిలిపించింది.

ఊరి పెద్ద వల ఒళ్ళో పెట్టుకునే మాట్లాడాడు. "అమ్మవారి చెట్టు సారూ. మేము గొడ్డలి పెట్టేదానికి లేదు. మీరు గాని కొడితే దోషం లేదు. గవర్నమెంటుకు ఏ దోషమూ అంటదు."

ఏఈగారికి కూడా అదే కావాలి. "మొదలంటా తీసేయండి. ఏటేటా ఈ గోల తప్పుతుంది," అన్నారు.

"కొట్టొద్దు సార్. నేను కోస్తా. రెండు పక్కలా బరువు సరిచేస్తే నిలబడతాది," అన్నాను.

ఊరి పెద్ద నావైపు తిరిగాడు. "మొదటి చెట్టును కోసింది గూడా నువ్వే గదన్నా?"

పాళెం మొత్తం ఘొల్లుమని నవ్వింది. నా జతగాడు కూడా నవ్వాడు, వెధవ. ఆయన అన్నది నిజమే. నాకు తెలిసిందంతా గబగబా చెప్పాను. మోళ్ళు, మడత, తొర్ర, అన్నీ. ఎవరికీ ఎక్కలేదు. ఇదంతా జరుగుతుంటే అక్క చేపలు ఏరుతూనే ఉంది. తల ఎత్తకుండా అంది.

"చెట్టు కొట్టేస్తే ఎండలో మీ అమ్మ కూచుంటాదా చేపలు ఏరేదానికి? కోయనీండి ఆయన్ని. ఒకటే మాట. మళ్ళా తుఫానొచ్చిన రోజు ఈయన నా ఇంట్లో కూచోవాల. చెట్టు పడితే ఈయన నెత్తిన పడాల."

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. "ఒప్పుకుంటావాన్నా?" అని ఊరి పెద్ద అడిగాడు.

"కూచుంటా," అన్నాను. ధైర్యం కాదు, రోషం. ఏఈగారు తల పట్టుకుని, "ఇదేం పిచ్చయ్యా!" అని జీపెక్కేశారు. కొట్టమని మళ్ళీ అనలేదు, అదే చాలు.

సబ్‌స్టేషన్ నుంచి లైను ఆపించి, చెట్టెక్కాను. రెండు రోజుల పని. నా జతగాడు రంపం చూసి, "ఏంది, వడ్రంగి పనికొచ్చినామా?" అని వెక్కిరించాడు. ముందు మా పాత మోళ్ళన్నీ మడత దాకా శుభ్రంగా కోశాను. అదృష్టం, చీకు ఇంకా మానులోకి దిగలేదు. ఆ తరవాత అక్క ఇంటివైపు బరువు తగ్గించాను, పెద్ద కొమ్మలు తెగ్గొట్టకుండా, వాటి చివరల్లో రద్దీ తీసేశాను. తీగవైపు కొమ్మను పక్కకు తిరిగిన ఒక పిల్లకొమ్మ దగ్గర ఆపాను, ఇక పెరిగితే అటే పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నడుమ గాలి దూరిపోవడానికి సందు ఇచ్చాను. తెరచాప దించకుండా గాలికి ఎదురు పోయే పిచ్చివాడు ఆ పాళెంలో ఎవడూ లేడు. ఈ ఒక్క సంగతీ వాళ్ళకు చెప్పగానే ఎక్కింది.

దిగాక ఊరి పెద్ద నాలుగు పక్కలా తిరిగి చూసి, పెదవి విరిచాడు. "ఏందన్నా, కోసినట్టే లేదే?"

"కోసినట్టు కనపడకపోతేనే సరిగ్గా కోసినట్టు," అన్నాను.

పిల్లలూ, నా మాటల్లో ఒక్కటి గుర్తుపెట్టుకోవాలనుకుంటే ఆ మాటే పెట్టుకోండి. మరుసటి ఏడు మరికొంత తీశాను. అప్పటికి నా జతగాడు కూడా దారికొచ్చాడు. కొమ్మ కోసే ముందు దిగి, దూరంగా పోయి, తల వంచి ఒక కన్ను మూసి చూసుకుని మళ్ళీ ఎక్కేవాడు. వాడి బీడీలు మాత్రం ఎక్కువ ఖర్చయ్యాయి.

ఆ ఏడే పెద్ద తుఫాను. పొద్దున్నే సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ ఆపేశారు. గాలి తగ్గేదాకా మాకు పనిలేదు, పాళెం షెల్టర్‌లోనే ఉండమన్నారు. ఊరంతా అక్కడే ఉంది. నేను అక్క దగ్గరికి వెళ్ళి తాళంచెవి అడిగాను.

"నీకు పిచ్చా? వాళ్ళు నవ్వులాటకు అన్నార్రా!" అని నా జతగాడు చొక్కా పట్టుకున్నాడు.

"నేను నవ్వులాటకు ఒప్పుకోలేదు."

అక్క నా మొహంలోకి చూసింది. కొంగుముడి విప్పి తాళంచెవి ఇచ్చింది. వద్దంటుందేమోనని లోపలెక్కడో ఆశ పడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆమె వద్దనలేదు.

మీరు మాత్రం ఇలాంటి పని చేయకండి. తుఫాను రోజు చెట్టు పక్కన రేకుల ఇంట్లో కూర్చోవడం శూరత్వం కాదు, ఒట్టి బుద్ధితక్కువ. నా పెళ్ళానికి ఈ సంగతి తెలిసిన రోజు మా ఇంట్లో వచ్చిన తుఫాను వేరే.

లోపల ఉప్పుబస్తా మీద కూర్చున్నాను. గాలి మొదట ఈలలు వేసింది, తరవాత ఈలలు ఆపి మోతగా మారింది. రేకులు మేకుల దగ్గర పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. వేప మూలుగు గోడలోంచి నా వీపుకు తెలుస్తోంది. కానీ ఒక సంగతి గమనించాను. బరువు ఒకే పక్కకు లాగడం లేదు. మొత్తం చెట్టు అటూ ఇటూ ఊగి మళ్ళీ నిటారుగా వస్తోంది. ఇంతలో ఫెళ్ళుమని ఒక కొమ్మ విరిగి దారివైపు పడింది. తీగ తెగిన శబ్దం ఎవరూ చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. ఆ కొమ్మకు ఒక రోజంతా పాళెంలో కరెంటు లేదు, చెట్టును పూర్తిగా ఎందుకు తీయించలేదని నాకు మెమో కూడా వచ్చింది. "చెట్టు నిలబడి ఉన్నది, ఇల్లు నిలబడి ఉన్నది" అని ఒక్క ముక్క రాసిచ్చాను. దాని మీద ఎవరూ ఏమీ అనలేదు.

కొమ్మ పడిన కాసేపటికి తలుపు తెరుచుకుంది. అక్క. నిలువునా తడిసిపోయి ఉంది. షెల్టర్ రెండు వందల అడుగుల దూరమే, అయినా ఆ గాలిలో!

"ఎందుకొచ్చినావక్కా? పిల్లలు?"

"వాళ్ళమ్మమ్మ కాడుండారు. నా ఇంట్లో నువ్వు కూచోని, నేను ఊరోళ్ళ నడుమ బజ్జీలు తింటా కూచుంటే ఏం బాగుంటాది?"

అప్పటిదాకా నాకున్న భయం నా ఒక్క నెత్తి గురించే. అది ఓర్చుకోదగ్గ భయం. ఇప్పుడు ఆమె నెత్తి కూడా చేరింది. రెండేళ్ళలో పెట్టిన ప్రతి కోతా కళ్ళముందుకొచ్చింది. ఉత్తరం వైపు ఆ పెద్ద పంగలో బీట ఉందేమో చూశానా? చూశాననే గుర్తు. తట్టి చూశానా? అక్కడ ఇంకో కొమ్మ తీయాల్సిందేమో.

"పో అక్కా, నీకు దండం పెడతా. ఇంత గాలిని నేను లెక్కేసుకోలేదు."

ఆమె కొంగు పిండుకుంటూ నన్ను నిలబెట్టి అడిగింది. "నీ కోత మీద నీకు నమ్మకం ఉండాదా, లేదా?"

వీపు గోడకు ఆనించి, చెట్టు ఇంకోసారి ఊగి తిరిగి వచ్చేదాకా ఆగాను. వచ్చింది.

"ఉండాది," అన్నాను.

"ఇంకేం మరి," అని ఆమె చెట్టువైపు గోడకే ఆనుకుని కాళ్ళు చాపుకుంది. రెండు రోజులుగా షెల్టర్‌లో ఊరందరికీ వండి పెట్టిన మనిషి. వరసగా రెండు ఆవలింతలు వచ్చాయి. ఏదో చెప్పబోయి మధ్యలోనే ఆపేసింది. చూస్తే నిద్రపోయింది. పైన రేకులు దడదడలాడుతున్నాయి, గోడ అవతల అంత వేప ఊగుతోంది, ఆమె నోరు కొంచెం తెరుచుకుని చిన్నగా గురక పెడుతోంది. నేను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

మధ్యాహ్నం మూడింటికి గాలి చల్లబడింది. నా జతగాడు బురదలో పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు తోశాడు. ముందు పైకి చూశాడు, తరవాత నన్ను చూశాడు, పళ్ళన్నీ బయటపెట్టి కేక వేయబోయాడు.

నోటిమీద వేలు పెట్టి, చప్పుడు చేయకుండా బయటికి పొమ్మని సైగ చేశాను.